ఇంటిలో వీడియో భాండాగారం: ఒక గుణదోష విచారణ

1969 జూలైలో అపోలో 11 వ్యోమగాములు చంద్రునిపై అడుగుపెట్టిన దృశ్యాన్ని భూమిమీద కోట్లాది ప్రజలు టెలివిజన్‌లో చూచినారు. వారు చూచినది అసలు చిత్రం కాదు. చంద్రునినుండి వచ్చిన సంకేతంలో సెకనుకు 10 చిత్రాలు మాత్రమే ఉండేవి. అది మామూలు టెలివిజన్‌కు సరిపడదు. గ్రాహక కేంద్రాలలో దానిని మార్చి ప్రసారం చేసినారు. మార్పులో స్పష్టత చాలవరకు పోయినది. అసలు సంకేతం మాత్రం అయస్కాంత టేపులమీద నమోదయినది. దశాబ్దాల తరువాత ఆ టేపులకోసం వెతికించిన నాసా, వాటిని చెరిపి వేరే అవసరాలకు మరల వాడి ఉంటారని 2009లో ప్రకటించినది. అగ్నిప్రమాదం జరుగలేదు, దొంగలు పడలేదు. టేపులు కొరతగా ఉన్న రోజులలో పాత టేపులు పనికివచ్చినవి, అంతే.

దాచుట వేరు, దాచినది దక్కుట వేరు. ఈ భేదం నేడు పాఠశాలలకు కూడ వచ్చినది. భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు తరంగాల వ్యతికరణం చెప్పుటకు ఒక మంచి వీడియోను యూట్యూబులో గుర్తు పెట్టుకొంటాడు. మరుసటి సంవత్సరం అదే పాఠానికి వచ్చేసరికి ఆ వీడియో లేదు. దానిని పెట్టినవారు తీసివేసి ఉండవచ్చు, వారి ఖాతా మూతపడి ఉండవచ్చు, లేక దానిని ఇతరులకు కనబడకుండ చేసి ఉండవచ్చు. కారణం ఏదైనను తరగతి గదిలో ఫలితం ఒకటే. పైగా ఇంటర్నెట్టు సరిగా అందని ఊళ్లలో, వీడియో ఉన్నా ఆ గంటలో అది నడుస్తుందన్న నమ్మకం లేదు. కనుక పాఠాలను ఇంటిలోని ఒక చిన్న కంప్యూటరులో భద్రపరచి, ఇంటిలోని ఫోనునుండి, లాప్‌టాపునుండి చూచుకొనే ఏర్పాటు చాలమందిని ఆకర్షిస్తున్నది. ఇట్లు ఇతర యంత్రాలకు ఎల్లవేళల సేవ చేసే కంప్యూటరునే సర్వరు అంటారు. పాతబడిన లాప్‌టాపు కూడ ఇందుకు సరిపోవచ్చు.

ఈ పనికోసం వెలువడిన సాధనాలలో ‘ట్యూబ్ ఆర్కైవిస్ట్’ ఒకటి. ఇది 2021లో వచ్చినది; ఉచితం; మూల లిపి అందరికీ అందుబాటులో ఉన్నది. కోరిన ఛానెలును, పాఠమాలను చెప్పినచో వీడియోలను దించి, శీర్షిక, తేదీ, వివరణ, ఉపశీర్షికలతోసహా పట్టికలో చేర్చి, చక్కని తెరమీద చూపుతుంది. దీని స్థాపన కంటెయినర్ల ద్వారా జరుగుతుంది. స్థాపన సులభమని దీనిని వాడినవారు తరచు మెచ్చుకొంటారు. ఆ మెప్పు న్యాయమైనదే. కాని భాండాగారానికి పెట్టవలసిన పరీక్ష సులభ స్థాపన కాదు. పది సంవత్సరాల తరువాత, ఈ ప్రోగ్రామే లేకపోయినప్పుడు, దాచిన పాఠం మరల దొరుకుతుందా అనేదే పరీక్ష.

ముందు కంటెయినరు అంటే ఏమిటో చూడవలెను. ఆ మాట ఓడల వ్యాపారంనుండి వచ్చినది. ఒకప్పుడు రేవులో బస్తాలు, పీపాలు, మూటలు ఒక్కొక్కటిగా కూలీలు మోసి ఓడలో సర్దేవారు. దిగేచోట మరల అదే శ్రమ. 1956లో మాల్కం మెక్లీన్ అనే అమెరికను వ్యాపారి ‘ఐడియల్ ఎక్స్’ అనే ఓడమీద 58 అల్యూమినియం పెట్టెలను నువార్క్‌నుండి హ్యూస్టన్‌కు పంపినాడు. లోపల ఏమున్నదో క్రేనుకు అవసరం లేదు; పెట్టె కొలత తెలిస్తే చాలును. కంప్యూటరు ప్రోగ్రాములకు కూడ ఇదే బాధ ఉండేది. ఒక ప్రోగ్రాము నడవవలెనంటే దానికి పైథాన్ ఫలానా సంచిక కావలెను, మరొకదానికి వేరొక సంచిక కావలెను. ఒకదానికి సరిచేస్తే మరొకటి చెడేది. ప్రోగ్రామును, దానికి కావలసిన సామగ్రిని ఒకే పెట్టెలో సర్ది, ఆ పెట్టెను అట్లే ఎత్తి మరొక యంత్రంలో పెట్టగలిగితే ఈ పేచీ ఉండదు.

ఈ భావం ఒక్కరోజున పుట్టలేదు. ఒక ప్రోగ్రాముకు డిస్కులోని ఒక మూలనే సమస్త ప్రపంచంగా చూపే ఉపాయం 1979 నాటి యూనిక్స్‌లోనే ఉన్నది. ఏ ప్రోగ్రాముల గుంపు ఎంత మెమరీ, ఎంత ప్రాసెసరు కాలం వాడుకొనవలెనో హద్దు పెట్టే సాధనం 2008లో లినక్స్‌లో చేరినది. ఈ రెండు తీరుల సాధనాలను కలిపి సామాన్యునికి అందించినది 2013లో వెలువడిన ‘డాకర్’. ఇక్కడ విద్యార్థులు తరచు పొరబడే విషయం ఒకటి ఉన్నది. కంటెయినరు అంటే కంప్యూటరులో మరొక కంప్యూటరు కాదు. పెట్టెలన్నిటికీ ఆపరేటింగ్ సిస్టం మూల భాగం, అనగా కెర్నెల్, ఒక్కటే. ఒకే ఇంటిలో వేరువేరు గదులలో కాపురం ఉంటున్న కుటుంబాలవంటివి ఇవి. గోడలున్నవి, వంటలు వేరు. కాని పునాది ఒకటే, నీళ్ల తొట్టి ఒకటే. అందువలననే ఇవి తేలిక, క్షణాలలో లేస్తాయి. అందువలననే గోడల బలంమీద అతివిశ్వాసం కూడదు.

ట్యూబ్ ఆర్కైవిస్ట్‌కు ఇట్టి పెట్టెలు మూడు. మొదటిది అసలు ప్రోగ్రాము; తెరను చూపేది, వీడియోలను దించేది అదే. దించుటకు ఇది ‘వై.టి.-డి.ఎల్.పి.’ అనే ప్రసిద్ధ సాధనంమీద ఆధారపడుతుంది. రెండవది ‘రెడిస్’: చేయవలసిన పనుల వరుసను జ్ఞాపకం ఉంచుకొనే గుమాస్తా. మూడవది ‘ఎలాస్టిక్‌సెర్చ్’: పట్టిక అంతా దీనిలోనే ఉంటుంది, వెతికిపెట్టేది కూడ ఇదే. ఈ మూడింటి పేర్లు, వాటి మధ్య దారులు, రహస్య పదాలు, డిస్కులో స్థలాలు ఒక చిన్న కంపోజ్ పత్రంలో వ్రాసి ఉంటాయి. పత్రాన్ని సరిచేసి ఒక్క ఆజ్ఞ ఇస్తే మూడు పెట్టెలూ దిగి, విప్పుకొని, నిలబడతాయి. కాసేపటికి బ్రౌజరులో 8000 సంఖ్య గల పోర్టు వద్ద భాండాగారం తలుపు తెరుచుకొంటుంది. దీనినంతటినీ విడివిడిగా చేతితో స్థాపించుట ఎంత చాకిరీయో ఎరిగినవారు డాకర్‌కు మనసులో దండం పెట్టక మానరు.

ఇక చిక్కులు. ఎలాస్టిక్‌సెర్చ్ తన పెట్టెలో 1000 అనే వాడుకరి సంఖ్యతో నడుస్తుంది. బయట దానికోసం కేటాయించిన ఫోల్డరును మరొకరి పేర, సాధారణంగా యంత్రాధికారి పేర, సృష్టిస్తే దానికి అందులో వ్రాసే హక్కు ఉండదు. పెట్టె లేస్తుంది, పడిపోతుంది. మరల లేస్తుంది, మరల పడిపోతుంది. తెర మాత్రం తెరుచుకోదు. క్రొత్తవాడు దీనిని చూచి ప్రోగ్రాము చెడిపోయినదనుకొంటాడు. లేదా విసిగి ఆ ఫోల్డరులో ఎవరైనా ఏమైనా వ్రాయవచ్చునని హక్కులన్నీ ఇచ్చివేస్తాడు. రెండవది తాళం పట్టలేదని తలుపే తీసివేయుటవంటిది. ఫోల్డరు యాజమాన్యాన్ని 1000 సంఖ్యకు మార్చితే చాలును. ఈ సంగతి ప్రోగ్రాము పత్రాలలో చెప్పినారు. పెట్టె లోపలి మనిషికి, బయటి డిస్కుకు మధ్య సంఖ్యలే గుర్తింపు, పేర్లు కావు అనే చిన్న సూత్రం తెలిసినవానికి ఈ చిక్కు పది నిమిషాల పని.

ఇట్టిదే మరొకటి. తన చిరునామా ఏమిటో ట్యూబ్ ఆర్కైవిస్ట్‌కు ముందుగా చెప్పవలెను. బ్రౌజరులో టైపు చేసే చిరునామా దానితో సరిపోవలెను. ఇంటి రౌటరు ఒక రాత్రి సర్వరుకు క్రొత్త సంఖ్య ఇచ్చినదా, తెల్లవారి ప్రవేశం లభించదు. రౌటరులో ఆ యంత్రానికి స్థిరమైన చిరునామా కేటాయించుకొన్నవారికి ఈ బాధ లేదు. మాదిరి పత్రంలో ఇచ్చిన రహస్య పదాన్ని మార్చకుండ వదిలేసేవారిని గురించి వేరే చెప్పనక్కరలేదు. అది లోకమంతటికీ తెలిసిన రహస్యం.

ఇవి చిల్లర దోషాలు. పెద్ద విషయం డిస్కు దగ్గర ఉన్నది. కంటెయినరు తన లోపల వ్రాసుకొన్నది, ఆ కంటెయినరును తొలగించినప్పుడు దానితోబాటే పోతుంది. క్రొత్త సంచిక తెచ్చినప్పుడెల్లా పాత పెట్టెను పారవేసి క్రొత్త పెట్టెను నిలుపుటే డాకర్ పద్ధతి. కనుక నిలువవలసినదంతా పెట్టె బయట, ఇంటి డిస్కులోని ఫోల్డరులో ఉండవలెను. కంపోజ్ పత్రంలో ఆ ఫోల్డర్లను చూపే నాలుగైదు పంక్తులే ఈ కట్టడానికి ప్రాణం. చాలమంది వీడియోలను విడిగా తగిలించే పెద్ద డిస్కులో పెడతారు. కరెంటు పోయి వచ్చినప్పుడు ఆ డిస్కు తగులుకొనకముందే డాకర్ లేచినదనుకొందాము. చూపిన ఫోల్డరు అక్కడ లేకపోతే ఆ పేరుతో ఖాళీ ఫోల్డరును అదే సృష్టించుకొనవచ్చు. ఫిర్యాదు ఉండదు. భాండాగారం నడుస్తూనే ఉంటుంది. లోపల మాత్రం ఒక్క వీడియో ఉండదు. అటువంటి స్థితిలో ‘ఫైళ్లను మరల సరిచూడు’ అనే మీటను నొక్కితే పరిస్థితి ఇంకా విషమిస్తుంది. డిస్కులో కనబడని వీడియోల వివరాలను పట్టికనుండి తొలగించుట ఆ మీట పనిలో ఒక భాగం. ప్రోగ్రాము పత్రాలలో దీనిని అపాయస్థలంగానే పేర్కొన్నారు. అయినను, వేల వీడియోలు ఒక్కసారిగా మాయమైనప్పుడు అది డిస్కు దోషం కావచ్చునని అనుమానించుట యంత్రానికి నేర్పదగిన వివేకమే.

దీనికంటె ముఖ్యమైన విమర్శ ఫైళ్ల పేర్లను గురించి. ట్యూబ్ ఆర్కైవిస్ట్ వీడియోలను శీర్షికలతో భద్రపరచదు. యూట్యూబు ప్రతి ఛానెలుకు 24 అక్షరాల గుర్తును, ప్రతి వీడియోకు 11 అక్షరాల గుర్తును ఇస్తుంది. ఆ ఛానెలు గుర్తే ఫోల్డరు పేరు, ఆ వీడియో గుర్తే ఫైలు పేరు. యంత్రానికి ఇది చక్కని పద్ధతి. శీర్షికలు మారుతుంటాయి, రెండు పాఠాలకు ఒకే శీర్షిక ఉండవచ్చు, కొన్ని లిపులు, కొన్ని చిహ్నాలు ఫైలు పేర్లలో ఇమడవు. గుర్తు మారదు, ఒకదానితో మరొకటి కలియదు. గ్రంథాలయంలో ప్రతి పుస్తకానికి చేరిక సంఖ్య వేసినట్లే ఇది. కాని గ్రంథాలయంలో చేరిక సంఖ్యతోబాటు పుస్తకం వీపుమీద పేరు కూడ ఉంటుంది. పట్టిక పురుగులు తిన్నా, బీరువా ముందు నిలబడి పుస్తకాన్ని వెతుక్కొనవచ్చు. ఇక్కడ వీపులన్నీ ఖాళీ. ఎలాస్టిక్‌సెర్చ్‌లోని పట్టిక చెడిపోయిననాడు మిగిలేది అర్థంలేని అక్షరాల పేర్లు గల వేలాది ఫైళ్లు. ఒక్కొక్కటి తెరిచి చూస్తే తప్ప ‘వ్యతికరణం’ పాఠమేదో తెలియదు. యూట్యూబులో ఆ వీడియో ఇంకా ఉన్నచో గుర్తు ఆధారంగా పేరు తెలుసుకొనవచ్చు. అక్కడ లేనివాటికి ఆ ఉపాయం కూడ పనిచేయదు. భాండాగారం కట్టినది ముఖ్యంగా వాటికోసమే కదా.

నిర్మాతలు దీనిని గమనించలేదనుట అన్యాయం. శీర్షిక మొదలైన వివరాలను వీడియో ఫైలు లోపలనే పొందుపరచే ఏర్పాటు ఉన్నది. ఎన్నుకొన్నవారికి అది లభిస్తుంది. పట్టికనంతా జేసన్ అనే సాదా అక్షర రూపంలో వ్రాసి, కట్టగట్టి ఉంచే ఏర్పాటు ఉన్నది. దీనిని మామూలు ఎడిటరులో కూడ చదువవచ్చు. ఎలాస్టిక్‌సెర్చ్ తనంతట తాను తీసుకొనే స్నాప్‌షాట్లు కూడ ఉన్నవి. కాని మాదిరి పత్రం ప్రకారం ఆ స్నాప్‌షాట్లు ఎలాస్టిక్‌సెర్చ్ ఫోల్డరులోనే ఉంటాయి. ఇనప్పెట్టె తాళపుచెవి నకలును ఆ ఇనప్పెట్టెలోనే పెట్టినట్లయినది. జేసన్ కట్టనైనా వేరే డిస్కుకు చేరవేయుట యజమాని పని. ఈ రక్షణలు మొదటిరోజునుండి వాటంతట అవే పనిచేసేట్లు ఉండి, వద్దనుకొన్నవారు తీసివేసుకొనేట్లు ఉంటే ఈ సాధనం భాండాగారమనే పేరుకు మరింత తగి ఉండేది.

జెల్లీఫిన్ వంటి ఇతర వీడియో సాధనాలతో పోల్చితే భేదం ఇంకా తేటపడుతుంది. జెల్లీఫిన్ ఫోల్డరు పేర్లను, ఫైలు పేర్లను, వాటి పక్కన ఉంచిన చిన్న వివరణ పత్రాలను చదివి పట్టిక తయారుచేసుకొనగలదు. పట్టిక పోయినా మరల ఫైళ్లనుండి కట్టవచ్చు. ట్యూబ్ ఆర్కైవిస్ట్ దించిన వీడియోలను జెల్లీఫిన్‌లో పేర్లతో చూడవలెనంటే ప్రత్యేకమైన ప్లగిన్ కావలెను; అది మరల ట్యూబ్ ఆర్కైవిస్ట్‌నే అడిగి పేర్లు తెచ్చుకొంటుంది.

అయితే ఈ సాధనం గొప్పతనం కూడ ఆ ఎలాస్టిక్‌సెర్చ్‌లోనే ఉన్నది. ఉపశీర్షికలను కూడ పట్టికలో చేర్చుటవలన, ఉపన్యాసకుడు ఒక మాటను ఏ వీడియోలో ఏ నిమిషాన పలికినాడో వెతకవచ్చు. నలభై గంటల పాఠమాలలో ‘ఎంట్రపీ’ ఎక్కడ నిర్వచించినారో క్షణంలో తెలుసుకొనుట ఉపాధ్యాయునికి సామాన్యమైన లాభం కాదు. కాని తెలుగువారికి ఇక్కడ ఒక లోటు. ఒక భాషలోని పదాలనుండి ప్రత్యయాలను విడదీసి మూలాన్ని పట్టుకొనే విశ్లేషకాలు ఎలాస్టిక్‌సెర్చ్‌తో కొన్ని వస్తాయి. ఆ జాబితాలో హిందీ ఉన్నది, బెంగాలీ ఉన్నది; తెలుగు లేదు. తెలుగులో విభక్తులు మాటకు అతుక్కొనే వస్తాయి. ‘పరమాణువు’, ‘పరమాణువులో’, ‘పరమాణువులకు’ అనేవి మనిషికి ఒకే మాట. ఆ యంత్రానికి మూడు మాటలు. ‘ఇల్లు’ అని వెతికినవానికి ‘ఇంటిలో’ దొరకాలని ఆశించుట మరీ అత్యాశ. తెలుగుకు ఇట్టి విశ్లేషకాన్ని తయారుచేయుట మన కళాశాలల కంప్యూటరు శాఖలకు, తెలుగు శాఖలకు కలిసి చేయదగిన పని.

ఖర్చు లెక్క విద్యార్థులు తామే వేసుకొనవచ్చు. బోర్డు, ఉపన్యాసకుడు మాత్రమే కనబడే పాఠానికి సెకనుకు సుమారు 10 లక్షల బిట్లు చాలును. గంటకు 3600 సెకన్లు, అనగా 360 కోట్ల బిట్లు. 8తో భాగిస్తే 45 కోట్ల బైట్లు, అనగా 450 మెగాబైట్లు. వెయ్యి గంటల పాఠాలకు 450 గిగాబైట్లు. ఒక టెరాబైటు డిస్కులో సగం కూడ నిండదు. నకలుకు మరొక డిస్కు కావలెను. ఒకే పెట్టెలో జంటగా తిరిగే రెండు డిస్కులు ఒక డిస్కు చెడిపోయినప్పుడు ఆదుకొంటాయి గాని, పొరపాటున చెరిపినదాన్ని తిరిగి ఇవ్వవు. సర్వరు ఎల్లవేళల 15 వాట్లు తీసుకొంటే సంవత్సరానికి సుమారు 131 యూనిట్ల విద్యుత్తు. మెమరీ విషయంలో మాత్రం ఈ ప్రోగ్రాము దుబారా చేస్తుంది. చిన్న ప్రయత్నానికి 2 గిగాబైట్లు, మధ్యస్థమైన భాండాగారానికి 4 గిగాబైట్లు కావలెనని నిర్మాతలే అంటున్నారు. అందులో ఎక్కువ భాగం ఎలాస్టిక్‌సెర్చ్‌కే. రెండు వందల వీడియోలు గల ఉపాధ్యాయునికి ఇది పిచ్చుకమీద బ్రహ్మాస్త్రమే.

చట్టాన్ని గురించి మౌనం వహించుట తగదు. సొంత ఉపయోగానికి, పరిశోధనకు న్యాయమైన మేరకు వాడుకొనుటను మన 1957 నాటి కాపీరైటు చట్టం 52వ విభాగం మినహాయిస్తుంది. బోధన సందర్భంలో ఉపాధ్యాయుడు, విద్యార్థి చేసే ప్రతులను కూడ అదే విభాగం ప్రస్తావిస్తుంది. కాని యూట్యూబు తన వాడుకరులతో చేసుకొనే ఒడంబడిక వేరు. తాను అనుమతించిన మార్గంలో తప్ప దించుకొనరాదని అది అంటుంది. ఈ రెంటి మధ్య నలిగిపోకుండ ఉండాలంటే, స్వేచ్ఛగా పంచుకొనుటకు అనుమతి ఇచ్చిన పాఠాలతో ప్రారంభించుట మేలు. ఐ.ఐ.టి.లు, భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి నడుపుతున్న ఎన్.పి.టి.ఇ.ఎల్. పాఠాలు క్రియేటివ్ కామన్స్ అనుమతితో వెలువడినవి. వాటిని దించుకొనుటకు ఆ సంస్థ తన సొంత వెబ్‌సైటులోనే ఏర్పాటు చేసినది. ఈ రంగంలో తగాదాలు కల్పితాలు కావు. ఇట్టి దించే సాధనాలకు మూలమైన ‘యూట్యూబ్-డి.ఎల్.’ను 2020 అక్టోబరులో అమెరికా సంగీత పరిశ్రమ ఫిర్యాదుపై గిట్‌హబ్ తొలగించినది; నవంబరులో మరల పెట్టినది.

పెట్టెలలో ఉన్న సామగ్రి కూడ చిరకాలం ఒకే తీరున ఉండదు. ఎలాస్టిక్‌సెర్చ్ 2021లోను, రెడిస్ 2024లోను తమ అనుమతి షరతులను బిగించి, తరువాత కొంత సడలించినవి. వీడియోలు ఇచ్చే వెబ్‌సైటు తన లోపలి ఏర్పాట్లు మార్చినప్పుడెల్లా దించే భాగం ఆగిపోతుంది. క్రొత్త సంచిక వచ్చేవరకు ఓపిక పట్టవలెను. ‘అన్నిటికంటె క్రొత్తది’ అనే ముద్రతో పెట్టెను తెచ్చుకొనక, నిర్దిష్టమైన సంచిక సంఖ్యను కంపోజ్ పత్రంలో వ్రాసుకొన్నవారు, ఎప్పుడు ఏమి మారినదో చెప్పగలుగుతారు.

కనుక ఎవరికి ఏది తగును? కొద్దిపాటి పాఠాలు గల ఉపాధ్యాయుడు వై.టి.-డి.ఎల్.పి.ని మాత్రమే వాడి, శీర్షికతో ఫైలు పేరు పెట్టించి, పక్కన వివరాల పత్రం వ్రాయించుకొంటే సరిపోతుంది. ఆ ఫోల్డరును పెన్‌డ్రైవులో పెట్టి ఏ పాఠశాలకైనా తీసుకొనిపోవచ్చు. కంటెయినర్లతో పని లేదు. వేలాది ఉపన్యాసాలలో మాటలను వెతకవలసినవానికి, కళాశాల గ్రంథాలయానికి, ట్యూబ్ ఆర్కైవిస్ట్‌కు సాటిరాగలవి తక్కువ. వారు వివరాలను ఫైలులో పొందుపరచే ఏర్పాటును మొదటిరోజే ఎన్నుకొని, జేసన్ కట్టను వారానికొకసారి వేరే డిస్కుకు పంపవలెను.

ఆ తరువాత ఒక ఆదివారం చేయవలసిన ప్రయోగం ఉన్నది. నకలు డిస్కును, కంపోజ్ పత్రాన్ని మాత్రమే తీసుకొని మరొక కంప్యూటరు దగ్గర కూర్చొనవలెను. మూడు పెట్టెలను నిలిపిన తరువాత ఇంటర్నెట్టు తీగను ఊడదీయవలెను. పట్టికను నకలునుండి తిరిగి నింపి, ఒక పాఠాన్ని శీర్షికతో వెతికి, నడిపించి చూడవలెను. మొదటిసారి ఇది సాఫీగా జరుగుట అరుదు: ఒకచోట 1000 సంఖ్య అడ్డు తగులుతుంది, ఒకచోట చిరునామా సరిపోదు, ఒకచోట ఫోల్డరు దారి పాత యంత్రానిదై ఉంటుంది. ఒక్కొక్క ఆటంకాన్ని, దానికి చేసిన మరమ్మతును ఒక కాగితంమీద వ్రాసి, ఆ కాగితాన్ని నకలు డిస్కుకే అంటించి ఉంచవలెను.